వరంగల్‌లో చిన్న రొమాంటిక్ కామెడీ తీయడం: కథ నుంచి సెన్సారు దాకా

రొమాంటిక్ కామెడీకి ఫైట్లు అక్కర్లేదు, గ్రాఫిక్స్ అక్కర్లేదు, కాబట్టి తక్కువ పైసల్లో అయిపోతుందని చాలామంది మొదటి సినిమాకు దీన్నే ఎంచుకుంటారు. అందులో సగమే నిజం. ఇక్కడ ఎక్కువ కావల్సింది టైము. అబ్బాయి ఒక మాట అన్నాక అమ్మాయి జవాబు చెప్పేలోపు ఉండే అర సెకనులోనే నవ్వూ ఉంటుంది, ప్రేమా ఉంటుంది. ఆ ఖాళీ కుదరాలంటే నటులకు రిహార్సల్ కావాలి, సెట్లో నిశ్శబ్దం కావాలి, ఒక్కో షాటుకు ఐదారు టేకులు తీసే తీరిక కావాలి. లొకేషన్, లైటు, పర్మిషన్ల గురించి ఇక్కడ చెప్పేదంతా ఆ తీరికను మిగుల్చుకోవడానికే.

కథ, కాగితం మీద

ముందు ఒక్క వాక్యం రాసుకోండి: వీళ్లిద్దరూ పదో నిమిషంలోనే ఎందుకు కలిసిపోరు? ఒక్క ఫోన్ కాల్‌తో తీరిపోయే అపార్థమే దానికి జవాబైతే సినిమా నలభై నిమిషాలకే ఆగిపోతుంది. ఇంట్లో ఒప్పుకోరన్న కారణం ఒక్కటీ చాలదు. అది కన్నీళ్లు తెస్తుంది గానీ నవ్వు పుట్టించదు. పాత్ర తనకు తానుగా ఏదైనా దాస్తుంటే ప్రతి సీనుకూ రెండు పొరలు వస్తాయి. ఉదాహరణకు, హైదరాబాద్‌లో ఉద్యోగం పోయిన అబ్బాయి ఆ సంగతి ఇంట్లో చెప్పలేక, రోజూ పొద్దున్నే టిఫిన్ డబ్బా పట్టుకుని రైలుకని బయలుదేరి, కాజీపేట స్టేషన్ బయటి టీ కొట్టు దగ్గరే సాయంత్రం దాకా గడుపుతాడు. కొట్టు నడిపే అమ్మాయికి ఈ విషయం తెలుసు. ఇంట్లోవాళ్లు మాట్లాడుతున్న సంబంధం ఆమెదేనని మాత్రం ఇద్దరికీ తెలియదు. ఇట్లాంటి కథలో "రైలు దొరికిందా?" అని తల్లి అడిగే మామూలు మాటకు కూడా జనం నవ్వుతారు. ఇంటర్వెల్ దగ్గర ఆ దాపరికం బయటపడాలి, లేదా తలకిందులు కావాలి. ఆ తర్వాత ఇద్దరి మధ్యా పాత ఆటే సాగితే సెకండాఫ్ నిలబడదు.

స్క్రిప్టులో ఒక పేజీ తెరమీద ఒక నిమిషం అన్న లెక్కను నమ్ముకోవద్దు. యాక్షన్ ఎడమవైపు, డైలాగు కుడివైపు రాసే మన పద్ధతిలో ఆ లెక్క కుదరదు. నలుగురు కూర్చుని గట్టిగా చదువుతూ సీను సీనుకూ స్టాప్‌వాచ్ పెట్టండి. మొత్తం 105 నిమిషాలు దాటితే షూటింగ్‌కు ముందే కోయాలి. తీశాక కోసే ప్రతి నిమిషానికీ అన్నం పెట్టి, బండి పెట్టి, లైటు పెట్టి ఉంటారు.

యాస విషయంలో రెండు తప్పులు ఎక్కువగా కనిపిస్తాయి. పుస్తకాల తెలుగులో రాసి చివర్లు మాత్రం మార్చడం ఒకటి. యాసే జోకు అనుకుని వాక్యానికో "మస్తు" తగిలించడం రెండోది. హైదరాబాద్ పాతబస్తీ మాట వేరు, హనుమకొండ మాట వేరు, ములుగు పల్లె మాట వేరు. డైలాగు చిన్నగా ఉంటే యాస దానంతటదే నిలుస్తుంది. ఇక్కడ టీ కొట్టు అమ్మాయి అడుగుతోంది, అబ్బాయి జవాబిస్తున్నాడు:

"తిన్నవా?"
"ఆఁ, తిన్న."
"ఏం తిన్నవ్?"
"గదే... పొద్దుగాలది."

మూడో మాటకూ నాలుగో మాటకూ మధ్య అబ్బాయి చూపు మూత తియ్యని టిఫిన్ డబ్బా మీదికి పోతుంది. సీనంతా ఆ చూపులోనే ఉంది. "అతను తినలేదని ఆమెకు అర్థమవుతుంది" అని స్క్రిప్టులో రాస్తే సరిపోదు, ఎంతసేపు ఆగాలో కూడా రాయండి.

సీన్ల బ్రేక్‌డౌన్ షీటులో లొకేషన్, కాస్ట్యూమ్, ప్రాపర్టీలతో (సీనులో వాడే సామాన్లతో) పాటు ఇంకో కాలమ్ పెట్టండి: ఈ సీను నాటికి వాళ్లు "మీరు" దగ్గరున్నారా, "నువ్వు" దగ్గరికొచ్చారా? వరుస తప్పి షూట్ చేసేటప్పుడు డైరెక్షన్ డిపార్ట్‌మెంట్ ఎక్కువగా జారేది ఇక్కడే. పదో సీనులో నువ్వని, పదిహేనో సీనులో మీరంటే ఎడిటింగ్‌లో ఎవరూ కాపాడలేరు.

ఎప్పుడు, ఎక్కడ

వరంగల్‌లో మే నెల అవుట్‌డోర్‌కు పనికిరాదు. ఎండకు నటుల మేకప్ కారిపోతుంది, చిన్న మిర్రర్‌లెస్ కెమెరాలు వేడెక్కి మధ్యలో ఆగిపోతాయి. నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. అందులోనూ పుష్యమాసం మరీ మంచిది. రొమాంటిక్ కామెడీలో పెళ్లి సీను తప్పనిసరిగా ఉంటుంది, పుష్యంలోనేమో పెళ్లిళ్లుండవు. ఫంక్షన్ హాళ్లు, టెంటు సామాన్లు, కుర్చీలు, వంటపాత్రలు ఖాళీగా ఉంటాయి కాబట్టి రేటు మాట్లాడుకోవచ్చు. ఆషాఢంలో, మూఢాల్లో కూడా ఈ వీలుంటుంది, కాకపోతే ఆషాఢంలో వాన భయం. పుష్యంలో షెడ్యూల్ వేస్తే సంక్రాంతికి మూడు రోజులు సెలవివ్వక తప్పదు. మాఘం మొదలయ్యేలోపు హాలు సీన్లు ముగించాలి. తర్వాత ప్రతి వీధిలో బరాత్ ఉంటుంది, డీజే మోత మధ్య డైలాగు రికార్డు చేయలేరు. రెండేళ్లకోసారి మాఘంలోనే మేడారం జాతర వస్తుంది. ఆ వారం లాడ్జీలు, వ్యాన్లు, ఆర్టీసీ బస్సులు దేనికీ ఆశపడొద్దు.

లొకేషన్లు ఎనిమిదికి మించకుండా కథను సర్దండి. ఒక చోట ప్యాకప్ చెప్పి ఇంకోచోట మొదటి షాటు తీసేలోపు రెండు గంటలు పోతాయి, ఊళ్లోనే హంటర్ రోడ్డు నుంచి సుబేదారికి మారినా అంతే. ఒకే ఇంట్లో హీరో ఇల్లు, పైఅంతస్తులో హీరోయిన్ ఇల్లు, వెనక వాకిట్లో టీ కొట్టు లోపలి భాగం తీసుకోగలిగితే వారం రోజులు కదలక్కర్లేదు.

పర్మిషన్ల సంగతి లొకేషన్ ఎంచుకునేటప్పుడే చూడాలి. వేయిస్తంభాల గుడి, ఖిలా వరంగల్ తోరణాలు, రామప్ప గుడి మూడూ భారత పురావస్తు సర్వేక్షణ సంస్థ కిందున్నవి. అనుమతి, ఫీజు లేకుండా సినిమా షూటింగ్ కుదరదు. రామప్ప 2021లో యునెస్కో జాబితాలోకి కూడా ఎక్కింది. పాత్రలకు అక్కడ నిజంగా పని ఉంటేనే ఆ దారి పట్టండి. "వరంగల్ అని తెలియాలి" అన్న ఒక్క కారణానికైతే ఎనుమాముల మార్కెట్లో మిర్చి బస్తాల వరస, కొత్తవాడలో నేల మీద పరిచే నూలు దర్రీల మగ్గం ఇంకా గట్టిగా చెప్తాయి. మార్కెట్లో అయినా కమిటీ ఆఫీసులో ముందుగా ఉత్తరం ఇవ్వాలి. మిర్చి సీజన్లో ఘాటుకు నటులు తుమ్ముతూనే ఉంటారు, డైలాగు సీను అక్కడ పెట్టుకోవద్దు. రైల్వే ప్లాట్‌ఫారం కావాలంటే సికింద్రాబాద్‌లోని దక్షిణ మధ్య రైల్వే నుంచి అనుమతి, ఫీజు, డిపాజిట్, ఇన్సూరెన్స్ ఉండాలి. పై కథలో అబ్బాయి రైలెక్కడు కాబట్టి స్టేషన్ బయటి టీ కొట్టుతోనే పని జరుగుతుంది. రైలు కూత తర్వాత కలుపుకోవచ్చు. రోడ్ల మీద తీయాలంటే పోలీస్ కమిషనరేట్‌కు, ప్రభుత్వ జాగాలకైతే తెలంగాణ ఫిల్మ్ డెవలప్‌మెంట్ కార్పొరేషన్ ద్వారా దరఖాస్తు పెట్టండి. ఉత్తరాల కాపీలు ప్రొడక్షన్ మేనేజర్ బ్యాగులో ఎప్పుడూ ఉండాలి.

నటులు

ఆడిషన్‌లో ఒక్కొక్కరినీ విడిగా చూసి హీరో హీరోయిన్లను ఖాయం చేయొద్దు. చివరికి మిగిలిన ముగ్గురు అబ్బాయిల్నీ ముగ్గురు అమ్మాయిల్నీ జంటలు మారుస్తూ ఒకే రెండు నిమిషాల సీను చేయించండి. మాట్లాడేవాళ్లను కాదు, వినేవాళ్లను చూడండి. ఎదుటివాళ్లు మాట్లాడేటప్పుడు తన డైలాగు కోసం కాచుకుని కూర్చునేవారు ఎంత అందంగా ఉన్నా ఈ సినిమాకు పనికిరారు.

షూటింగ్‌కు ముందు కనీసం పది రోజుల వర్క్‌షాప్ ఉండాలి. మొదటి మూడు రోజులు స్క్రిప్టు ముట్టకుండా ఇద్దరూ టీ కొట్టు పని చేయాలి: పాలు కాచడం, గ్లాసులు కడగడం, చిల్లర లెక్కపెట్టడం. చేతులకు పని అలవాటైతే మాట సహజంగా వస్తుంది. తర్వాత సీన్లు. ఏ మాట మీద ఎవరు కదులుతారు, ఎక్కడ ఆగుతారు అన్నది వర్క్‌షాప్‌లోనే తేలిపోవాలి. సెట్లో వెతుక్కుంటే సినిమాలో నిలిచే నిమిషాలు రోజుకు నాలుగు కూడా రావు. ఈ లెక్కన 105 నిమిషాల సినిమాకు 26, 27 రోజులు కావాలి. వాటికి తోడు ఇంకో రెండు రోజులు ఖాళీగా వదిలి షెడ్యూల్ వేయండి. మొదటి ముద్దో, మొదటి పెద్ద గొడవో షెడ్యూల్ మొదటి వారంలో పెట్టొద్దు. ఇద్దరికీ ఒకరి లయ ఒకరికి తెలియడానికి వారం పడుతుంది.

చిన్నపిల్లల పాత్రలుంటే జిల్లా మేజిస్ట్రేట్ అనుమతి తీసుకోవాలి. రోజుకు 5 గంటలకు మించి, విరామం లేకుండా 3 గంటలకు మించి పని చేయించకూడదు. వాళ్లకిచ్చే డబ్బులో కనీసం 20 శాతం పిల్లల పేరు మీద ఫిక్స్‌డ్ డిపాజిట్ చేయాలి.

సౌండు

బడ్జెట్లో కెమెరాకూ సౌండుకూ మధ్య ఒకదాన్ని తగ్గించాల్సి వస్తే కెమెరాను తగ్గించండి. ఈ జానర్‌కు సింక్ సౌండే, అంటే షూటింగ్‌లోనే మాట రికార్డు చేయడమే మేలు. టీ కొట్టు దగ్గర నోట్లోంచి అప్పటికప్పుడు జారిన "ఊఁ" డబ్బింగ్ థియేటర్లో మళ్లీ రాదు. మాట అతుకుతుంది గానీ మాటల మధ్య ఊపిరి అతకదు.

ఒక షాట్‌గన్ మైకు బూమ్ (పొడుగు కర్ర) మీద, ఇద్దరికీ చెరో లేపల్ (బట్టకు తగిలించే చిన్న మైకు), ఒక రికార్డర్, వీటన్నిటికీ బాధ్యత వహించే ఒక మనిషి. కెమెరా అసిస్టెంటుకే బూమ్ అప్పగిస్తే రెండు పనులూ చెడతాయి. రికార్డింగ్ 48 కిలోహెర్ట్జ్, 24 బిట్‌లో ఉండాలి. మాటల్లో అన్నిటికన్నా గట్టి శబ్దాలు (పీకులు) మైనస్ 12 డెసిబెల్ దగ్గర ఉంటే హఠాత్తుగా నవ్వినా అరిచినా సౌండు పగలదు. మైకు నోటికి రెండడుగుల లోపు, ఫ్రేము అంచుకు ఆనుకుని పైనుంచి రావాలి. నాలుగడుగులు దాటితే గది ప్రతిధ్వని మాటను మింగేస్తుంది.

మన ఇళ్లలో చలువరాయి, టైల్స్, ఖాళీ గోడలు. ఫంక్షన్ హాళ్లు ఇంకా ఘోరం. దీనికి మందు ఊళ్లోనే ఉంది. 2018లో జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు పొందిన వరంగల్ దర్రీలు పది పన్నెండు అద్దెకో, కొనుక్కునో తెచ్చి, కెమెరాకు కనపడని నేల మీద పరవండి, వెనక గోడకు వేలాడదీయండి. మందమైన నూలు దర్రీ గది ప్రతిధ్వనిని బాగా తగ్గిస్తుంది. కింది అంచులు నేలకు తగలాలి, పైన తాడుకు కట్టి, గోడకూ దర్రీకీ మధ్య నాలుగైదు అంగుళాల ఎడముంటే ఇంకా బాగా పనిచేస్తుంది.

ఫ్యాను, కూలరు, ఇన్వర్టరు, ఫ్రిజ్ ఆపాలి. ఫ్రిజ్ ఆపినప్పుడు బండి తాళం అందులో పెట్టండి, మళ్లీ ఆన్ చేయకుండా ఇంటికి పోలేరు. రెక్కీకి, అంటే ముందుగా లొకేషన్ చూసుకోవడానికి పోయినప్పుడు ఆ ఇంట్లో సరిగ్గా షూటింగ్ జరగబోయే వేళకు గంటసేపు కళ్లు మూసుకుని కూర్చోండి. గుడి మైకు, అజాన్, స్కూలు గంట, పక్కింటి బోరు మోటరు, పిండి గిర్నీ ఎప్పుడెప్పుడు వినిపిస్తాయో రాసుకుని, ఆ వేళల్లో మాటల్లేని షాట్లు పెట్టుకోవాలి. కాజీపేటలో పట్టాల పక్క ఇల్లు బొమ్మకు ఎంత బాగున్నా డైలాగు సీన్లకు వద్దు. జనరేటరు కూడా వద్దు. 300 వాట్ల ఎల్ఈడీ లైట్లు మూడు ఇంటి కరెంటు మీదే నడుస్తాయి, ఒకే సాకెట్‌కు మాత్రం అన్నీ తగిలించొద్దు.

పట్టుచీర, గంజి పెట్టిన కాటన్ చొక్కా లేపల్‌కు శత్రువులు. గరగర ఏ సాఫ్ట్‌వేర్‌తోనూ పూర్తిగా పోదు. మైకును ఆస్పత్రి పేపర్ టేపుతో బట్ట లోపలి అంచుకు రెండువైపులా అతికించి కదలకుండా చేయండి. పట్టుచీర సీన్లకు బూమ్‌నే నమ్ముకోండి. ప్రతి లొకేషన్‌లో అందరినీ బొమ్మల్లా నిలబెట్టి ఒక నిమిషం ఉత్త గది నిశ్శబ్దం రికార్డు చేయాలి. ఎడిటింగ్‌లో మీరు ఆ అర సెకను ఖాళీని పెంచాలనుకున్నప్పుడు, కింద పరచడానికి ఈ నిశ్శబ్దం లేకపోతే మాటల మధ్య గొయ్యి పడ్డట్టు వినిపిస్తుంది.

కెమెరా

నవ్వించే సీనుకు ముందు టూ-షాట్. ఇద్దరూ ఒకే ఫ్రేములో నడుము దాకా కనపడుతూ, సీను మొదటినుంచి చివరిదాకా కట్ లేకుండా. టైమింగ్ నటులదైతే ఎడిటర్ ముట్టుకోకపోవడమే మంచిది. ఆ తర్వాతే సజెషన్ షాట్లు (ఒకరి భుజం మీదుగా ఇంకొకరిని చూపేవి), క్లోజప్‌లు. టూ-షాట్‌లో మాట మీద మాట పడనివ్వండి, గొడవ సీన్లు అట్లనే బతుకుతాయి. క్లోజప్‌లో మాత్రం పడనీయొద్దు. కెమెరా ముందున్నవాళ్ల మాట ముగిశాకే పక్కనుంచి జవాబు రావాలి, లేకపోతే ఆ రెండు గొంతుల్నీ ఎడిటర్ విడదీయలేడు. ఒక్కో క్లోజప్‌లో వింటున్న ముఖాన్ని కూడా పూర్తి సీనంతా తీయండి. చాలా జోకులు చెప్పినవాళ్ల మీద పేలవు, విన్నవాళ్ల మీద పేలుతాయి.

మన కరెంటు 50 హెర్ట్జ్. సెకనుకు 24 ఫ్రేములు పెట్టి షట్టర్ 180 డిగ్రీల దగ్గర వదిలేస్తే ట్యూబ్‌లైట్లు, చవక బల్బులు బొమ్మలో మినుకుమంటాయి. 172.8 డిగ్రీలు పెట్టండి, అంటే ఒక్కో ఫ్రేముకు షట్టర్ సెకనులో 50వ వంతు తెరిచి ఉంటుంది. పెళ్లి పందిరి సీరియల్ లైట్లు దీనికి కూడా లొంగకపోవచ్చు, ముందురోజే టెస్టు చేసి మినుకుమనేవి మార్చండి. జనవరిలో పొద్దు ఆరింటికే గుంకుతుంది. భద్రకాళి చెరువు కట్ట మీద సాయంత్రపు వెలుగు నాలుగున్నర నుంచి గంటంపావు మాత్రమే, ఆ టైములో ఒకటిన్నర నిమిషాల సీను కన్నా ఎక్కువ ఆశించొద్దు.

తినే సీన్లు. ఇద్దరూ మిర్చి బజ్జీలు తింటూ మాట్లాడుకునే చిన్న సీనుకు మూడు సెటప్‌లు, సెటప్‌కు ఐదు టేకులు, టేకుకు ఇద్దరికీ చెరొకటి: 30 బజ్జీలు. చల్లారినవి, విరిగినవి పోతాయి కాబట్టి 40 వేయించాలి. ఏ మాట తర్వాత కొరకాలో వర్క్‌షాప్‌లోనే ఖాయం చేయండి. ఎదుటివాళ్ల మాట మొదలైనప్పుడు కొరికి, తన మాట వచ్చేలోపు మింగెయ్యాలి, నోరు నిండా ఉంటే సౌండు పాడు. చిన్న ముక్కే కొరకమనండి, పదో టేకుకు కారం కంటినీళ్లై కంటిన్యూటీ చెడుతుంది. నూనె మరకలకు ఆ సీను బట్టలు రెండు జతలు ఉండాలి.

పెళ్లి సీను రోజు యాభై మంది జూనియర్ ఆర్టిస్టులో, బంధువులో ఉంటారు. జనం నిండుగా, హుషారుగా ఉన్న పొద్దున్నే వైడ్ షాట్లన్నీ తీసేసి, భోజనాలయ్యాక పది పన్నెండు మందిని ఉంచుకుని మిగతావాళ్లను పంపించండి. ప్రతి ఒక్కరి దగ్గరా సినిమాలో కనపడటానికి సంతకం తీసుకోవాలి, అన్నం వడ్డించే ముందు తీసుకుంటే ఎవరూ తప్పిపోరు. బ్యాండు, డీజే సినిమా పాట వాయిస్తుండగా తీయొద్దు, ఆ పాట హక్కులు కొనాల్సి వస్తుంది. మీ సొంత పాట టెంపోకు సరిపోయే దరువు మాత్రం వినిపించి డాన్సు చేయించండి, తర్వాత పాట కూర్చొచ్చు. జానపదం కదా ఎవరిదీ కాదనుకోవద్దు. యూట్యూబ్‌లో తిరిగే చాలా జానపదాలకు రాసినవాళ్లూ ఉన్నారు, రికార్డింగ్ హక్కుదారులూ ఉన్నారు.

డేటా లెక్క: సెకనుకు 100 మెగాబిట్ల రికార్డింగ్ అయితే గంటకు 45 జీబీ. ఒక నిమిషం సినిమాకు ఎనిమిది నిమిషాలు తీస్తారనుకుంటే 14 గంటల ఫుటేజీ, 630 జీబీ. రోజూ ప్యాకప్ తర్వాత రెండు డ్రైవుల్లోకి కాపీ చేసి, తెరిచి చూసి, ఆ రెండూ వేరువేరు ఇళ్లలో ఉండేట్టు చూసుకున్నాకే కార్డు ఫార్మాట్ చేయాలి.

ఎడిటింగ్, కాగితాలు

మొదటి కట్‌ను సంగీతం లేకుండా చూడండి. జోకు కింద "టొయ్‌ఁ" మనే బీజీఎం (నేపథ్య సంగీతం) వేస్తే తప్ప నవ్వు రాకపోతే తప్పు సీనులో ఉంది. తర్వాత సినిమావాళ్లు కాని ఇరవై మందిని కూర్చోబెట్టి, వాళ్ల వైపు ఒక ఫోన్ పెట్టి గది శబ్దం రికార్డు చేయండి. ఎలా ఉందని అడగక్కర్లేదు, నవ్వులు ఎక్కడొచ్చాయో, జేబుల్లోంచి ఫోన్లు ఎక్కడ తీశారో చూస్తే చాలు. పెద్ద నవ్వు కింద తర్వాతి మాట కొట్టుకుపోతుంటే మధ్యలో ఒక రియాక్షన్ షాట్ పెట్టి సెకనున్నర జాగా ఇవ్వండి.

డబ్బు అంతా షూటింగ్‌లో అయిపోయి హార్డ్‌డిస్కులోనే మిగిలిపోయిన సినిమాలు బోలెడు. మొత్తంలో మూడోవంతు పోస్ట్ ప్రొడక్షన్‌కూ విడుదలకూ ముందే పక్కన పెట్టి, ఏ కారణానికీ ముట్టుకోకండి.

రచయిత, పాటల రచయిత, సంగీత దర్శకుడు స్నేహితులే అయినా కాగితం రాసుకోవాలి. కాపీరైట్ చట్టం 19వ సెక్షన్ ప్రకారం ఒప్పందంలో గడువు రాయకపోతే హక్కు ఐదేళ్లకే పరిమితం, ప్రాంతం రాయకపోతే భారతదేశానికే పరిమితం. ఓటీటీ సంస్థ లాయరు మొదట వెతికేది ఈ రెండు వాక్యాల కోసమే.

సెన్సారు దరఖాస్తు ఆన్‌లైన్‌లో, ప్రాంతీయ కార్యాలయం హైదరాబాద్‌లో. సినిమాటోగ్రాఫ్ చట్టానికి 2023లో వచ్చిన సవరణతో, పెద్దల మార్గదర్శనంతో పిల్లలు చూడొచ్చనే యూఏ సర్టిఫికెట్ ఇప్పుడు 7+, 13+, 16+ అని మూడు మెట్లుగా ఉంది. ఫైనల్ మిక్సింగ్, టైటిల్స్ అయ్యాకే పంపాలి, తర్వాత మార్చినవి మళ్లీ చూపించాల్సిందే. కథకోసం మేకనో కుక్కనో వాడుకుంటే జంతు సంక్షేమ బోర్డు అనుమతి షూటింగ్‌కు ముందే కావాలి. దారినపోయే బర్రె ఫ్రేములోకొస్తే అది దాటిపోయేదాకా ఆగి షాటు తీయడం చవక. పాత్ర చేతిలో సిగరెట్టు పెడితే సినిమా మొదట్లో, మధ్యలో పొగాకు హెచ్చరిక వీడియోలు, ఆ సీను కింద అక్షరాలు తప్పవు. టీ కొట్టు కథలో టీ గ్లాసే చాలు, కొట్టులో వేలాడే గుట్కా పొట్లాల దండ కూడా తీసేయండి. థియేటర్‌కు డీసీపీ (హాలు ప్రొజెక్టరుకు ఇచ్చే డిజిటల్ కాపీ) 24 ఫ్రేముల్లో, 5.1 సరౌండ్ మిక్సింగ్‌తో చేయించాలి. హాలుకు పంపేముందు హనుమకొండలోనో కాజీపేటలోనో ఏదైనా థియేటర్ పొద్దుటి ఆట మొదలయ్యేలోపు గంటసేపు అడిగి, సినిమాలో అన్నిటికన్నా మెల్లగా మాట్లాడుకునే సీను చివరి వరసలో కూర్చుని వినండి. ఏసీ మోతలో మాట అందకపోతే మిక్సింగ్‌కు మళ్లీ పంపాలి.